కారు బ్యాటరీని మార్చుటయు, దానిని కంప్యూటరునందు నమోదు చేయుటయు

మా పాఠశాలలో పదియవ తరగతి ముగించి, పిమ్మట మోటారు పని నేర్చుకొని, పట్టణమందొక మరమ్మతు దుకాణములో కుదిరిన పూర్వవిద్యార్థి యొకడు గడచిన వేసవి సెలవులలో మమ్ము చూడవచ్చెను. కుశలప్రశ్నలైన తరువాత కొంతసేపు తటపటాయించి యిట్లడిగెను: "మాస్టరుగారూ, మా దుకాణములో ఏ కారునకు క్రొత్త బ్యాటరీ వేసినను, దానిని కంప్యూటరులో రిజిస్ట్రేషను చేసితిమని చెప్పి 500 రూపాయలు అదనముగా పుచ్చుకొనుచున్నారు. బిల్లు వ్రాయువాడను నేను. అది నిజముగా అవసరమా? అవసరము కానిచో నేను వ్రాయుచున్నది అబద్ధము గదా?"

మేము భౌతికశాస్త్రము బోధించువారమే గాని మోటారు పని యెరిగినవారము కాము. కావున వెంటనే యుత్తరమీయలేక, వారము దినములు గడువడిగితిమి. ఆ వారములో కార్ల వెంట వచ్చు పుస్తకములను చదివి, ఆ పిల్లవానిచేతనే రెండు మూడు కార్ల మూతలనెత్తించి చూచి తెలిసికొన్న సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాము. తొమ్మిది, పది తరగతుల బాలబాలికలు విద్యుత్తును గూర్చి చదివిన పాఠములు దీనికి చాలును. కార్లుగల తలిదండ్రులకును ఇది కొంత అక్కరకు రాగలదు.

మొట్టమొదట ఒక చిక్కును విడదీయవలెను. రిజిస్ట్రేషను అను ఒక్క మాటనే మన వారు మూడు పనులకు వాడుచున్నారు. రవాణా శాఖవారి కార్యాలయములో బండికి జరుగు రిజిస్ట్రేషను మొదటిది. బ్యాటరీ మార్చినందువలన దానికి కలుగు మార్పేమియు లేదు. రెండవది గ్యారంటీకి సంబంధించినది. క్రొత్త బ్యాటరీ అమ్మిన వర్తకుడు దాని వరుస సంఖ్యను, కొన్నవారి ఫోను సంఖ్యను తయారీదారుల లెక్కలో చేర్చును. ఇది కొన్నవారి మేలు కొరకే. దానిని చేయించి బిల్లును భద్రపరచుకొనవలెను. మూడవది కారులోనున్న కంప్యూటరునకు "నీ బ్యాటరీ మారినది" అని తెలియజేయుట. పిల్లవాడు అడిగినది ఈ మూడవదానిని గూర్చియే. దుకాణములలో రెండవది చేసి మూడవదాని పేర రుసుము పుచ్చుకొనుట యెంత సులభమో చదువరులే గ్రహింతురు.

ఇక బ్యాటరీ యనగా నేమో చూతము. ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టిన సీసపు బ్యాటరీయే, అనేక మార్పులు పొంది, నేటికిని పెట్రోలు, డీజెలు కార్లలో అధికభాగము వానిలోనున్నది. ఒక్కొక్కటి సుమారు 2.1 వోల్టులనిచ్చు ఆరు గదులు అందులో వరుసగా కూర్చబడియుండును. కావున నిండుగానున్న బ్యాటరీ నిలుకడగానున్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపును. ప్రతి గదిలోను సీసపు పలకలును, సీసపు డయాక్సైడు పలకలును పలుచని గంధకామ్లములో మునిగియుండును. విద్యుత్తు వెలువడినకొలదియు రెండు విధములగు పలకలపైనను లెడ్ సల్ఫేటు అను తెల్లని పదార్థమేర్పడును, ఆమ్లము పలుచనగును. ఇంజను తిరుగునప్పుడు ఆల్టర్నేటరు విద్యుత్తును వెనుకకు త్రోయగా ఆ సల్ఫేటు తిరిగి కరగి, పలకలును ఆమ్లమును పూర్వస్థితికి వచ్చును.

ఈ రాకపోకలు ఎన్నడును సంపూర్ణముగా జరుగవు. ఒట్టిదైన బ్యాటరీని చాల దినములు అట్లే విడిచినయెడల సల్ఫేటు గట్టి స్ఫటికములై యిక కరగకుండును. ధనపలకల చట్రము నెమ్మదిగా తినివేయబడును. వేడిమి ఈ క్షయమునంతను త్వరపెట్టును. మన వైపు మే నెల యెండలో రోజంతయు నిలువబెట్టిన కారులోని బ్యాటరీ చల్లని దేశములలో వలె మన్నదు. వయస్సు వచ్చిన బ్యాటరీ పట్టు విద్యుత్తు తగ్గును, లోపలి నిరోధము పెరుగును. ఒకనాటి ఉదయము తాళము త్రిప్పగా టకటకమను చప్పుడు మాత్రమే వినబడును.

పూర్వపు కార్లకు ఈ వార్ధక్యముతో నిమిత్తము లేకుండెను. 1912లో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగు విద్యుత్ స్టార్టరు నమర్చినది మొదలు చాలకాలము వరకును పద్ధతి యొక్కటియే: ఇంజను తిరిగినంతసేపును బ్యాటరీకి దాదాపొకే వోల్టేజీని అందించుట. ఇటీవలి కార్లలో ఇది 14 వోల్టులకు కొంచెము అటునిటుగానుండును. బ్యాటరీ క్రొత్తదైనను పాతదైనను, అందుచున్నది అంతియే. 1983లో మొదలై 2014లో తయారీ నిలిచిన మారుతి 800 కారు ఈ కోవలోనిదే. అట్టి కారునకు క్రొత్త బ్యాటరీ వేసితిమనగా వేసితిమి. చెప్పుటకు లోపల వినువారెవరును లేరు!

ఆయిలు పొదుపు చేయవలెనను పట్టుదల పెరిగిన తరువాత ఈ పద్ధతి మారినది. దీపము వద్ద బండి నిలిచినప్పుడు ఇంజను తనంతట తానాగి, మరల కాలు కదల్పగనే బయలుదేరు కార్లను మీరు చూచియుందురు. కొన్నింటిలో, బండి వేగము తగ్గునప్పుడు వృథాగా పోవు శక్తితోనే బ్యాటరీని నింపి, వేగము హెచ్చించునప్పుడు ఆల్టర్నేటరు భారమును ఇంజనుపైనుండి తగ్గింతురు. ఇట్లు చేయుటకు బ్యాటరీలో ఎంత మిగిలియున్నది, అది యెంత పట్టగలదు, ఇంకొకమారు ఇంజనును త్రిప్పగలదా యను సంగతులు ఎప్పటికప్పుడు తెలియవలెను. అందుకే ఋణధ్రువము వద్ద, అనగా నల్ల తీగ బిగించు చోట, చిన్న నల్లని పెట్టె నొకదానిని అమర్చిరి. దీనిని బ్యాటరీ సెన్సారందురు.

ఇది పనిచేయు విధము పదియవ తరగతి పాఠమే. తీగమార్గమున మిక్కిలి స్వల్పమైన, తెలిసిన నిరోధము నొకదానిని ఉంచుదురు. ఉదాహరణమునకు అది ఒక ఓములో పదివేలవ వంతు అనుకొందము. దానిగుండ 50 ఆంపియర్ల ప్రవాహము పోయినచో దాని రెండు కొనల మధ్య 0.005 వోల్టు కనబడును. స్టార్టరు 200 ఆంపియర్లు లాగినచో 0.02 వోల్టు. ఓము నియమమును తిరుగవేసి, వోల్టేజీనుండి ప్రవాహమును లెక్కించుటయే ఆ పెట్టె పని. "ఈ నియమము బయట ఎక్కడ పనికివచ్చును?" అని ప్రతి సంవత్సరమును మమ్మడుగు బాలురు ఈ పేరాను రెండుమారులు చదువుదురు గాక. ప్రవాహముతో పాటు వోల్టేజీని, ఉష్ణోగ్రతను గూడ ఆ పెట్టె కొలిచి, సన్నని తీగద్వారా కంప్యూటరునకు తెలుపుచుండును.

కంప్యూటరు చేయునది గాదె కాపరి లెక్కవంటిది. లోపలికెన్ని కుంచములు పోయినవి, బయటికెన్ని వచ్చినవి యని వాడు వ్రాసికొనుచుండును. ఏండ్లు గడచినకొలదియు ఎలుకలు కొట్టి గాదె యడుగు పాడైనదనియు, నూరు పుట్లు పట్టవలసినది డెబ్బదియే పట్టుచున్నదనియు ఆ లెక్కవలననే గ్రహించి, దాని కనుగుణముగా నింపుచుండును. ఒకనాటి రాత్రి యజమాని ఆ గాదెను తీసివేసి క్రొత్తదానిని పెట్టెననుకొనుడు. కాపరికెవ్వరును చెప్పకున్న, వాడు తన చిట్టానే నమ్ముకొని, క్రొత్త గాదెను గూడ పాడైన గాదెగనే చూచుచుండును. వానికి "నేటినుండి గాదె క్రొత్తది" అని చెప్పి పాత చిట్టాను మూయించుటయే బ్యాటరీ నమోదు. స్టీరింగు చక్రము క్రింది వైపుననుండు 16 పిన్నుల సాకెట్టునకు ఒక పరికరమును తగిలించి ఈ పని చేయుదురు.

క్రొత్త గాదె పాతదాని కొలతదే యైనచో ఇంతమాత్రము చాలును. కొలతగాని జాతిగాని మారినయెడల, అనగా 70 ఆంపియరు-గంటల బ్యాటరీకి బదులు 80 ఆంపియరు-గంటలది వేసినను, మామూలు బ్యాటరీకి బదులు ఆమ్లమును గాజునూలు చాపలలో పీల్చియుంచు ఏ.జి.ఎం. జాతి బ్యాటరీ వేసినను, ఆ కొలతను జాతిని గూడ కంప్యూటరులో మార్చవలెను. దీనిని కోడింగు అందురు. నమోదు వేరు, కోడింగు వేరు. పనివారు రెంటిని కలిపి మాటలాడుటవలన కొంత గందరగోళము కలుగుచున్నది. ఇంజను ఆగి బయలుదేరు కారునకు ఏ.జి.ఎం. తీసివేసి చౌకయైన మామూలు బ్యాటరీ వేయుట మాత్రము కూడదు. అది మాటిమాటికి జరుగు ఖర్చును తాళలేదు.

చేయకున్న నేమగును? ఇచ్చట ఇరుపక్షములవారును అతిశయోక్తులాడుచున్నారని మా యభిప్రాయము. "నమోదు చేయనిచో బండి నిలిచిపోవును" అను బెదిరింపు సరికాదు. బండి బయలుదేరును, నడచును. "అదంతయు డబ్బు గుంజు మాట" యనుటయు పూర్తిగా నిజము కాదు. బి.ఎం.డబ్ల్యు. కార్లలో ఇట్టి సెన్సారుగలవాటికి నమోదు చేయవలసినదే. ఆడి కార్లలో అనేకములకు క్రొత్త బ్యాటరీ వివరములను గూడ కంప్యూటరునకు ఎక్కింపవలెను. చేయనిచో క్రొత్త బ్యాటరీకి పాతదానికి తగిన రీతిని విద్యుత్తు అందుచుండును. దీపము వద్ద ఇంజను ఆగుట మానివేయవచ్చును. బ్యాటరీ బలహీనముగానున్నదను హెచ్చరిక అకారణముగా కనబడవచ్చును. ఈ నష్టము ఆనాడు తెలియదు. వేల రూపాయలు పోసి కొన్న బ్యాటరీ ఒకటి రెండేండ్లు ముందుగా పోయినప్పుడు తెలియును. అప్పటికి కారణమెవరికిని జ్ఞాపకముండదు.

ఈ రెండు జాతుల నడుమ మూడవదొకటి కలదు. సెన్సారు ఉన్నంతమాత్రమున పరికరము తప్పనిసరి యని తలపరాదు. కొన్ని కార్లు కొంతకాలములో తమంత తామే క్రొత్త బ్యాటరీ స్థితిని నేర్చుకొనును. ఫోర్డు వారి కొన్ని బండ్లకు తాళము వేసి సుమారు 8 గంటలు కదల్పక యుంచిన చాలునని వారి పుస్తకములలోనే యున్నది. అనగా రాత్రి పెరటిలో నిలిపి ఉదయము తీసిన సరిపోవును, రుసుము లేదు.

కారుగలవారు చేయదగిన పరీక్ష సులభమే. మూతనెత్తి నల్ల తీగ బిగించిన చోట చూడుడు. లావుపాటి తీగయు మరయు మాత్రమే యున్నచో సెన్సారు లేదు. చిన్న పెట్టెయు, దానికి సన్నని తీగతోడి ప్లగ్గును ఉన్నచో సెన్సారు కలదు. అప్పుడు కారు వెంట వచ్చిన పుస్తకమును తెరచి బ్యాటరీ మార్చుటను గూర్చిన పుటను చదువవలెను. ఆ పుస్తకము చాలమంది యిండ్లలో ప్లాస్టికు సంచి విప్పకయే డాష్‌బోర్డు అరలో నిద్రించుచున్నది. కొన్ని కార్లలో బ్యాటరీ వెనుక డిక్కీలోనో, సీటు క్రిందనో ఉండును.

మార్చు పద్ధతినిగూర్చి రెండు మాటలు. ఇంజనును ఆపి, ఉంగరములు, గడియారము తీసి, ముందుగా నల్ల తీగను, పిమ్మట ఎర్ర తీగను విప్పవలెను. బిగించునప్పుడు ముందు ఎర్రది, తరువాత నల్లది. కారు ఇనుప దేహమంతయు నల్ల తీగతో కలిసియుండును గదా. అది కలిసియుండగా ఎర్ర మరను విప్పు స్పానరు దేహమునకు తగిలినచో నిప్పురవ్వలు లేచును. చార్జింగులో వెలువడిన హైడ్రోజను దగ్గరనున్నచో బ్యాటరీయే ప్రేలవచ్చును. సెన్సారుగల కొక్కెమును స్క్రూడ్రైవరుతో పెకలింపరాదు, అది సున్నితమైనది. అట్టి కారులో బయటి చార్జరును తగిలించునప్పుడు నల్ల కొనను బ్యాటరీకిగాక దేహమునకు తగిలించిననే ఆ ప్రవాహము సెన్సారు లెక్కలో చేరును. తీగలు విప్పినందున గడియారము తప్పుట, కిటికీల అద్దములు తమంత తామెక్కుట మరచుట సామాన్యము. వానికి భయపడి మరల దుకాణమునకు పరుగెత్త నక్కరలేదు.

పాత బ్యాటరీని గూర్చియు చెప్పక తీరదు. సీసము విషము, ముఖ్యముగా చిన్నపిల్లలకు. 2001లో వచ్చిన నియమములను, వాని స్థానమున 2022లో వచ్చిన నియమములను అనుసరించి పాత బ్యాటరీలు తిరిగి తయారీదారుల చేతికో, అనుమతిగల కరగించువారి చేతికో చేరవలెను. వీధిలో వచ్చు పాతసామానుల వానికి ఇచ్చినచో పది రూపాయలు హెచ్చుగా రావచ్చును. వాడు దానినెక్కడ పగులగొట్టునో, ఆ ఆమ్లము ఎవరి కాలువలో కలియునో మనము చూడము. క్రొత్తది కొన్న దుకాణములోనే పాతదాని నిచ్చి ధర తగ్గించుకొనుట మేలు. తిరుపతి చెంత కరకంబాడిలో అమరరాజా వారు బ్యాటరీలు చేయుచున్నారు. సీసము ఎంత జాగ్రత్తతో తాకవలసిన లోహమో అట్టి కర్మాగారములో పనిచేయువారి నడిగిన తెలియును.

వారము గడచిన పిమ్మట పిల్లవాడు మరల వచ్చెను. పైని సంగతులన్నియు చెప్పి, "నాయనా, నీ బిల్లులోని ఆ వరుస కొన్ని కార్లకు నిజము, కొన్నింటికి అబద్ధము. మూతనెత్తి చూడక వ్రాసిన ప్రతిసారియు అది అబద్ధమే, అదృష్టవశమున నిజమైనను" అంటిమి. వాడు కొంతసేపు నేల చూచి, "యజమాని ఒప్పుకొనడేమో, మాస్టరుగారూ" అనెను. ఒప్పుకొనునని మేమును చెప్పలేదు. వానిపై ఇంటిలో నలుగురు ఆధారపడియున్న సంగతి మాకు తెలియును.

గత మాసములో మరల కనబడెను. దుకాణమునకు వచ్చిన కార్ల నమూనాలను ఒక నోటుపుస్తకములో వరుసగా వ్రాసి, సెన్సారు గలవి, లేనివి, తమంత తాము నేర్చుకొనునవి యని మూడు గళ్లు గీసి యజమానికి చూపెనట. మొదటి పుటలోని కార్లలో చాలవరకు లేనివియే. యజమాని ఒక దినమంతయు మాటాడలేదట. మరునాడు, "అవసరమైన వాటికే వ్రాయుము, కాని వాటికి 500 కాదు, 700 వ్రాయుము" అనెనట. పిల్లవాడు నవ్వుచు చెప్పెను గాని, ఆ 700 న్యాయమా కాదా యని మమ్మడుగుటకే మరల వచ్చెనని మాకు తోచినది. నోటుపుస్తకమును మా బల్లపైననే విడిచిపోయినాడు. ఆసక్తిగల విద్యార్థులు భౌతికశాస్త్ర ప్రయోగశాలలో దానిని చూడవచ్చును.