నాకో కంచం

మొన్న వేసవి సెలవుల్లో మా అన్నయ్య కొడుకు నాలుగు రోజులు నా గదిలో ఉన్నాడు. వాడికి ఏడేళ్ళు. మొదటిరోజు రాత్రి వాడికి పళ్ళెంలో పెరుగన్నం కలిపి ఇచ్చాను. నేను మాత్రం రోజూలాగే కుక్కర్ గిన్నెలోనే పప్పు ఒంపుకుని, పొయ్యిగట్టుకు ఆనుకుని నిలబడి తింటున్నాను. వాడు నోటిదాకా తెచ్చిన ముద్దను ఆపేసి నా వంక చూశాడు.

"బాబాయ్, నీకు కంచం లేదా?"

ఉందని చెప్పబోయి ఆగిపోయాను. ఆ గదిలో ఉన్న ఒక్క పళ్ళెమూ వాడి ముందుంది. అది కూడా నేను కొన్నది కాదు. ఎప్పుడో ఎవరింటి నుంచో కూర గిన్నె మీద మూతగా వచ్చి, తిరిగి వెళ్ళకుండా ఉండిపోయింది. నాకిప్పుడు నలభై ఒకటో ఏడు. చిక్కడపల్లిలో ఈ మూడో అంతస్తు గదిలో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. నెలనెలా జీతం వస్తుంది. ఇన్నేళ్ళలో నాకంటూ ఒక కంచం కొనుక్కోవాలని తోచనే లేదు.

అమ్మ రోజూ రాత్రి ఫోన్ చేసి "తిన్నావా? ఏం కూర?" అని అడుగుతుంది. నేను నిజమే చెబుతాను. దొండకాయ వేపుడు, టమాటా పప్పు, ఓపిక లేని రోజున కర్రీ పాయింట్ గుత్తివంకాయ. దేంట్లో తిన్నావని మాత్రం ఆవిడ ఎన్నడూ అడగలేదు. అడగాల్సిన సంగతి అని ఏ తల్లికి తోస్తుంది?

పిల్లవాడు నిద్రపోయాక గదిని కొత్తగా చూశాను. కిటికీకి పరదా బదులు పాత దుప్పటి. పడుకోవడానికి మడత మంచం. ఒక్క పొయ్యి ఉన్న స్టవ్. పుస్తకాలు అట్టపెట్టెల్లో. వీటిలో ఏదీ డబ్బు లేక జరిగింది కాదు. అన్నయ్య గృహప్రవేశానికి ఫ్రిజ్ కొనిచ్చాను. చెల్లెలి పెళ్ళికి చేతనైనంతా చేశాను. నా గది దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాలుక మీద ఒకే మాట సిద్ధంగా ఉండేది: పెళ్ళయ్యాక చూద్దాం. మంచం పెళ్ళయ్యాక, పరదాలు పెళ్ళయ్యాక, నాలుగు మంచి గిన్నెలు పెళ్ళయ్యాక. నాన్న జబ్బు, చెల్లెలి బాధ్యత, ఆ తర్వాత కుదరని సంబంధాలు. ఏళ్ళు గడిచాయి. పెళ్ళి రాలేదు, పరదాలూ రాలేదు. నా దృష్టిలో నేను ఇంకా మొదలుకాని మనిషిని. మొదలుకాని మనిషికి కంచం ఎందుకు?

ఇరవై ఏళ్ళప్పుడు అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద మాక్స్‌వెల్ మాల్ట్జ్ రాసిన 'సైకో-సైబర్నెటిక్స్' కొన్నాను. 1960లో వచ్చిన పుస్తకం. ఆయన ప్లాస్టిక్ సర్జన్. ముఖంలోని లోపం సరిచేశాక కూడా కొందరు తాము మునుపటంత అనాకారులమే అని నమ్మడం ఆయనను ఆలోచనలో పడేసింది. మనిషి లోపల తన గురించిన బొమ్మ ఒకటుంటుందనీ, అది మారనిదే పైన ఎంత మార్చినా ఫలితం ఉండదనీ ఆయన తేల్చాడు. ఆ వయసులో నేను ఆ బొమ్మ కోసం అద్దంలో వెతికాను. రంగులో, జుట్టులో, భుజాల వెడల్పులో. ఇరవై ఏళ్ళ తర్వాత అది పొయ్యిగట్టు దగ్గర కనిపించింది, గిన్నె చేత్తో పట్టుకుని నిలబడి తింటూ.

నా గురించి నేను చెప్పే మాటను ఆ తర్వాత కొన్నాళ్ళు చెవి పెట్టి విన్నాను. హోటల్లో సర్వర్ "ఎంతమంది సార్?" అంటాడు. "ఒక్కణ్ణే" అంటాను. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమా టికెట్ దగ్గర "ఒక్కటే". గది వెతుక్కునే రోజుల్లో, టూలెట్ బోర్డు కింద ఫ్యామిలీలకు మాత్రమే అని రాసి ఉన్నా ధైర్యం చేసి బెల్లు కొట్టి, "ఒక్కణ్ణేనండీ" అనేవాణ్ణి. ఆ మాట చివరనున్న 'ఏ' చూడండి. మన భాషలో ఆ చిన్న దీర్ఘానికి ఎంత బలం ఉందో! రావాల్సినవాళ్ళు ఇంకెవరో రాలేదని అది చెబుతుంది. "ఒక్కణ్ణి" అంటే లెక్క. "ఒక్కణ్ణే" అంటే కొరత. అడిగినవాడికి కావలసింది లెక్క మాత్రమే, టేబుల్ చూపించడానికి. కొరతను దానికి జోడించి ఇచ్చింది నేను.

ఇప్పుడు "ఒక్కణ్ణి" అంటున్నాను. మొదట నోరు తిరగలేదు. మీరు కూడా ఒంటరిగా ఉండేవారైతే ఒక వారం ఇలా అని చూడండి. ఆ 'ఏ' తీసేయగానే గొంతు స్థాయి పెరుగుతుంది, తల కాస్త పైకి లేస్తుంది. ఇది నేను అనుభవించి చెబుతున్న మాట.

పెళ్ళిళ్ళలో "మాకు పప్పన్నం ఎప్పుడు పెడతావోయ్?" అని అడిగే పెద్దవాళ్ళ మీద ఒకప్పుడు కోపం వచ్చేది. ఇప్పుడు రాదు. వాళ్ళకు తెలిసిన ప్రేమ భాష అది. "ఆదివారం రండి బాబాయిగారూ, పప్పన్నమేగా, నేనే వండి పెడతాను" అంటాను. మనస్ఫూర్తిగానే పిలుస్తాను. ఇద్దరు నిజంగా వచ్చారు కూడా. మామిడికాయ పప్పు, గుమ్మడి వడియాలు, చల్లమిరపకాయలు. తిన్నంతసేపూ వాళ్ళు పెళ్ళి ఊసెత్తలేదు, పప్పులో కాయ పులుపు గురించే మాట్లాడారు.

ఓదార్పు మాటలతోనే నాకు ఎక్కువ ఇబ్బంది. ఎవరో ఒకరు అబ్దుల్ కలాం గారి పేరు తీస్తారు, ఇంకొకరు వాజ్‌పేయి గారి పేరు. వాళ్ళు చేసుకున్నారా, ఎంత గొప్పవాళ్ళయ్యారు అని. ఆ మాటల్లో ప్రేమ ఉంది, కానీ ఒక షరతు కూడా ఉంది. పెళ్ళి చేసుకోనివాడు రాకెట్టు ఎగరేయాలి, లేదా దేశాన్ని ఏలాలి, అప్పుడు లెక్క సరిపోతుంది. పెళ్ళయినవాణ్ణి ఎవరూ అలా అడగరు. అతను మామూలుగా ఆఫీసుకు వెళ్ళి వచ్చి, పిల్లల ఫీజులు కట్టి, ఆదివారం నిద్రపోతే అది నిండు జీవితమే. నా మామూలు జీవితం కూడా నిండుదే అని నేను నమ్ముతున్నాను. పొద్దున సుందరయ్య పార్కులో నాలుగు చుట్లు, పగలు పని, సాయంత్రం లైబ్రరీలో గంటసేపు. ఎవరికో ఏదో రుజువు చేయడానికి కాదు, నాకు బాగుంటుంది కాబట్టి.

ముదిరిన బెండకాయతో బ్రహ్మచారిని పోల్చి, రెండూ ఎందుకూ కొరగావనే సామెత మనకుంది. నవ్వుతూ చాలాసార్లు అన్నారు, నేనూ నవ్వాను. కానీ మా ఊళ్ళో పెరట్లో అమ్మ బెండ మొక్కలు వేస్తుంది. ప్రతి ఏడూ రెండు మూడు మంచి కాయలను చూసి కోయకుండా వదిలేస్తుంది. పొరపాటున ఎవరైనా తెంపితే ఊరుకోదు. అవి చెట్టునే ముదిరి, నారగట్టి, ఎండి, చారల మీద పగులుతాయి. లోపల వరసగా గింజలు. వచ్చే ఏడు పెరడంతా వాటిదే. కూరకు పనికిరాని మాట నిజమే. ఆ సామెత కట్టినవాళ్ళు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి కట్టారు, పెరట్లోకి వెళ్ళి ఉంటే ఇంకోలా కట్టేవారు.

ఇక ఫొటో సంగతి. పెళ్ళి సంబంధాల కోసం స్టూడియోలో దిగిన ప్రతి ఫొటోలో నా ముఖం నాకు ఎవరిదోలా ఉండేది. ముక్కు ఒక పక్కకు, నవ్వు ఇంకో పక్కకు. అద్దంలో బాగానే ఉంటానే అనుకుని మళ్ళీ దిగేవాణ్ణి. దానికి కారణం తర్వాత తెలిసింది. 1977లో అమెరికాలో మిటా, డెర్మర్, నైట్ అనే ముగ్గురు పరిశోధకులు కొందరు విద్యార్థినుల ముఖాలను ఫొటోలు తీసి, ప్రతిదాన్నీ రెండు రకాలుగా అచ్చు వేయించారు. ఒకటి మామూలుగా, ఒకటి అద్దంలో కనబడినట్టు కుడిఎడమలు మార్చి. ఎక్కువ మంది తమ విషయంలో అద్దం బొమ్మనే ఎంచుకున్నారు. వాళ్ళ స్నేహితులు మామూలు ఫొటో బాగుందన్నారు. ఎవరు ఏది రోజూ చూస్తారో అదే వాళ్ళకు నచ్చింది, అంతే.

నాకు ఈ ప్రయోగంలో నచ్చింది దాని రెండో సగం. నా స్నేహితులు ఇష్టపడే ముఖాన్ని నేను రోజూ చూడను. అద్దం నాకు చూపించదు, ఫొటో చూపిస్తే నాకే కొత్తగా ఉంటుంది. అన్నయ్య కొడుకు వీధి మొదట్లో నన్ను చూసి పరిగెత్తుకొచ్చేది ఆ ముఖాన్ని చూసే. నాకు సరిగా తెలియని ఆ ముఖం మీద తీర్పు చెప్పే హక్కు నాకన్నా వాడికే ఎక్కువ ఉంది. అప్పటి నుంచి ఎవరైనా ఫొటో తీస్తానంటే వెనక్కి జరగడం మానేశాను.

పిల్లవాడు వెళ్ళిపోయాక వచ్చిన రెండో శనివారం నాడు సాలార్ జంగ్ మ్యూజియానికి వెళ్ళాను. పదకొండేళ్ళుగా ఇదే ఊళ్ళో ఉన్నా, ఊరి నుంచి చుట్టాలు వచ్చినప్పుడు చూపించడానికి తప్ప నా కోసం వెళ్ళింది లేదు. ఒక్కడూ వెళ్తే ఏం బాగుంటుందనే అనుమానం. ఈ అనుమానం మీదా పరిశోధన జరిగింది. రెబెకా రాట్నర్, రెబెకా హామిల్టన్ అనే ఇద్దరు దాన్ని 2015లో ప్రచురించారు. ఒంటరిగా ఉన్నవాళ్ళనూ, జంటగా ఉన్నవాళ్ళనూ ఆర్ట్ గ్యాలరీలోకి పంపారు. వెళ్ళేముందు ఒంటరివాళ్ళు తమకు అంతగా బాగుండదని అనుకున్నారు. చూసి వచ్చాక అడిగితే, ఒంటరివాళ్ళ ఆనందానికీ జంటల ఆనందానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

నాకూ అలాగే జరిగింది. ఎవరూ తొందరపెట్టలేదు, ఎవరికీ కాళ్ళు నొప్పి పుట్టలేదు. మెఫిస్టోఫిలిస్, మార్గరెటా జంట కొయ్యబొమ్మ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఒకే దుంగలో చెక్కిన రెండు మూర్తులవి. ముందు నుంచి చూస్తే ఛాతీ విరుచుకున్న మగవాడు, వెనుక పెట్టిన అద్దంలో తల వంచుకున్న అమ్మాయి. ఆ అద్దంలోనే బొమ్మ పక్కన నేనూ కనిపించాను. నా చుట్టూ పిల్లలను చంకనెత్తుకున్నవాళ్ళు, కొత్త జంటలు, కాలేజీ కుర్రాళ్ళు. ఆ గుంపులో ఎవరో ఒకరు తక్కువైన మనిషి ఎవరని అడిగితే ఆ అద్దం చూసి ఎవరూ చెప్పలేరు. గంటలు కొట్టే గడియారం దగ్గరైతే పక్కనున్న ఒక పెద్దావిడ తన మనవణ్ణి నా చేతికిచ్చి, "కాస్త పైకెత్తు నాయనా, వాడికి కనబడటంలేదు" అంది. ఎత్తి పట్టుకున్నాను.

అక్కడే గుర్తొచ్చింది. ఈ వస్తువుల్లో ఎక్కువ భాగం సేకరించిన మూడో సాలార్ జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్, పెళ్ళి చేసుకోలేదు. 1912లో నిజాం దగ్గర దివాన్ అయ్యాడు, 1914లో ఆ పదవి వదిలేశాడు. ఆ తర్వాత 1949లో కన్నుమూసేదాకా కొంటూనే ఉన్నాడు. ఆయన సంపద వేరు, ఆయనతో నాకు పోలిక లేదు. గొప్పవాళ్ళను చూపించి ఊరట పొందడం నాకు ఇష్టం లేదని ఇందాకే చెప్పాను. కానీ చైనా పింగాణీ పళ్ళేల అల్మరా ముందు నిలబడి ఒక్క సంగతి మాత్రం గమనించాను. వీటిని కొనడానికి ఆయన దేనికోసమూ ఆగలేదు.

బయటికి వచ్చి నయాపూల్ మీదుగా మూసీ దాటి, అఫ్జల్‌గంజ్ మీంచి బేగంబజార్‌కు నడిచాను. అక్కడ స్టీలు సామాను తూకం మీద అమ్ముతారు. మూడు దుకాణాలు తిరిగి, అంచు కాస్త ఎత్తుగా ఉన్న కంచం ఒకటి తీసుకున్నాను. చారు పోసుకుంటే ఒలకకూడదు. అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలిసింది. అన్నయ్య కొడుక్కి ఒకటి కొందామా అనుకుని ఆగాను. వాడి కంచం వాళ్ళింట్లో ఉంది. లేనిది నాకు.

దుకాణం గుమ్మంలో పేర్లు వేసే కుర్రాడు మిషను ముందు కూర్చున్నాడు. మా ఇంట్లో ప్రతి గిన్నె మీదా ఒక పేరుంటుంది. అమ్మ పెళ్ళికి వచ్చిన బిందె మీద మేనమామ పేరు, చెల్లెలి పెళ్ళి గిన్నెల మీద ఇచ్చినవాళ్ళ పేర్లు, తేదీలు. నా పేరున్న గిన్నె నేనెప్పుడూ చూడలేదు.

"ఎవరి పేరు సార్?"

నా పేరు చెప్పాను.

"గిఫ్టా సార్? ఏం ఫంక్షన్?"

"ఫంక్షన్ ఏం లేదు తమ్ముడూ. రోజూ అన్నం తినడానికి."

అతను ఒక్క క్షణం నా వంక చూసి, కంచాన్ని ఒళ్ళో సర్దుకున్నాడు.

"డేట్ కూడా వెయ్యాల్నా?"

"వెయ్యి."

"ఏం డేట్ వెయ్యాలె?"

"ఈరోజుది" అన్నాను.