పాపీ పూలకు రాయపురంలో అదను ఏది?

పాపీ విత్తనం మొలవకపోతే అందరూ విత్తనాన్నో ఎరువునో తప్పుపడతారు. చెన్నై రాయపురం మిద్దెల మీద అసలు చిక్కు విత్తే రోజుల్లో ఉంది. ఉత్తరాదిలో అక్టోబరులో చల్లుతారు, అక్కడికి అది సరైన అదను. మనకు మాత్రం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. ఏడాది వానలో సగానికి పైగా అప్పుడే కురుస్తుంది. ఇంత సన్నటి విత్తనం మట్టి పైపొరలోనే ఉండాలి కనుక ఒక్క జడివానకే కొట్టుకుపోతుంది, మిగిలింది కుళ్లిపోతుంది. 2023లో మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచింది డిసెంబరు మొదటి వారంలోనే. అందుకే డిసెంబరు మూడో వారం దాకా ఆగి, వాన తెరిపిచ్చాకే చల్లమంటున్నాను.

అంత ఆలస్యమైతే ఎండకు మాడిపోవా అన్న ప్రశ్న న్యాయమైనదే. పాపీలు చలి మొక్కలు. సముద్రపు ఒడ్డున మనకు జనవరి రాత్రులు కూడా 20 డిగ్రీల దగ్గరే ఉంటాయి. అందుకే ఐస్‌లాండ్ పాపీ జోలికి పోవద్దు. కాస్త వేడిని, నీటి ఎద్దడిని ఓర్చుకునే కాలిఫోర్నియా పాపీ మేలు. దాదాపు రెండు నెలలకు పూతకొస్తుంది, మార్చి ఎండలు ముదిరేసరికి పని ముగుస్తుంది. పూత కాలం తక్కువే, అయినా ఆ నారింజ రంగు చూసినవారు మళ్లీ చల్లకుండా ఉండలేరు. వానల్లోనే నీడపట్టున నారు పోసుకుంటే రోజులు కలిసొస్తాయి కదా అనవచ్చు. కానీ దీనికి తల్లివేరు లోతుగా దిగుతుంది, పీకి నాటితే కోలుకోదు. అందుకని లోతైన కుండీలోనే నేరుగా విత్తాలి. ఎర్రమట్టిలో మూడో వంతు ఇసుక, కొద్దిగా వర్మీకంపోస్టు చాలు. ఎరువు ఎక్కువైతే ఆకే పెరుగుతుంది. విత్తనాన్ని పొడి ఇసుకతో కలిపి చల్లి, పైన పలచగా ఇసుక జల్లి, నీళ్లు తుంపరగా చిలకరించండి. మొలకలు జానెడు ఎడంగా ఉండేలా పలచన చేయండి.

వంటింటి గసగసాలు చల్లితే పోలేదా అనే మాటకు మాత్రం నా జవాబు గట్టిగా వద్దనే. వాటి నుంచి మొలిచేది నల్లమందు మొక్క. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద, కేంద్రం ప్రకటించిన ప్రాంతాల్లో లైసెన్సు ఉన్న రైతులే పండించాలి. లేకుంటే 10 ఏళ్ల దాకా జైలు. పూల కోసమే పెంచామన్నా, తెలియక వేశామన్నా మినహాయింపు దొరుకుతుందని నమ్ముకోవద్దు. 2021లో మదనపల్లె ప్రాంతంలో ఈ పంట బయటపడి కేసులయ్యాయి. కొనేటప్పుడు ప్యాకెట్ మీద కాలిఫోర్నియా పాపీ శాస్త్రీయ నామం ‘ఎష్‌షోల్జియా’ ఉందో లేదో చూడండి.