ధర్మపురికి పోయే ముందు

చి.ల.సౌ. బిడ్డకు,
శామీర్‌పేట నుంచి పెద్దనాయిన ఆశీర్వదించి రాయునది.

నువ్వు ఫోన్లో పంపిన ప్లాన్ చూసిన. ఆదివారం తెల్లవారుజామున మేడ్చల్‌లో బండెక్కి, కొమురెల్లి మల్లన్న, వేములాడ రాజన్న, కొండగట్టు అంజన్న, పొద్దుగూకేటప్పటికి ధర్మపురి, అర్ధరాత్రికి ఇల్లు. రాజీవ్ రహదారి పొంటి ఉన్న మనలాంటోళ్లు చానమంది ఇట్లనే వేసుకుంటరు, కిరాయి కార్లోళ్లు కూడ ఇదే చెప్తరు. నా మాట ఒక్కటే బిడ్డా, ముందటి మూడూ కొట్టెయ్యి. ధర్మపురి ఒక్కటే ఉంచు.

కొమురెల్లి మనకు దగ్గర్నే, సంక్రాంతి దాటినంక ఏ ఆదివారమైనా పోయి రావచ్చు. వేములాడలో ఆది, సోమవారాలు కోడె మొక్కులోళ్ల తోటే లైన్లు నిండుతయి, అక్కడ్నే సగం రోజు పోతది. కొండగట్టు మెట్ల కాడికి వచ్చేసరికి మీ అత్తమ్మ మోకాళ్లు సహకరించవు. ఇన్ని చేసుకోని ధర్మపురి చేరితే చీకటి పడుతది, గోదారి కనబడదు. గోదారి చూడకుంట ధర్మపురికి పోయి ఏం లాభం?

ఈ ప్రయాణం ఎవరి కోసమో ఒకసారి ఆలోచించు. ధర్మపురి చూపెట్టుమని అడిగింది అత్తమ్మ. మీ మామగారి అస్థికలు కలిపింది అక్కడ్నే. ఆనాడు అల్లుని తోటి నేనూ పోయిన. జీపులో అందరం మగోళ్లమే. మన ఇండ్లలో ఆడోళ్లను ఆ పనికి తోలుకపోయే అలవాటు లేదు గద, ఆమె ఇంట్లో దీపం కాడ కూసున్నది. తిరిగొచ్చిన మగోళ్లు ఏం చెప్తరు, మంచిగనే అయింది అంటరు, స్నానానికి పోతరు. ఇన్నేండ్లు కాపురం చేసిన మనిషి ఏ నీళ్లలో కలిసిండో ఆమె కండ్లతోటి చూడలేదు. నోరు తెరిచి ఈ సంగతి నీకు చెప్పదు కూడ. ఊరు చూడాలె, దేవుణ్ణి చూడాలె అంటది, అంతే. అందుకే నేను రాస్తున్న.

కాబట్టి దిగంగనే గుడికి ఉరకకు, ముందు గోదారి కాడికి తీస్కపో. శామీర్‌పేట నుంచి సిద్దిపేట, కరీంనగర్, జగిత్యాల మీదుగ దాదాపు 200 కిలోమీటర్లు. ఇప్పుడు చలికాలం, తెల్లారి రోడ్డు మీద మంచు ఉంటది, చీకట్ల ఉరికిచ్చుడు వద్దు. అయిదుకు కదిలి సిద్దిపేట దాటినంక టిఫిన్ చేసినా తొమ్మిదిన్నర వరకు చేరుతరు. గుళ్లు మధ్యాహ్నం మూస్తరని ఆగమాగం కావద్దు, గోదారి కాడ గంట కూసున్నా దర్శనానికి టైం మిగులుతది.

త్ర్యంబకం కాడ పుట్టిన నది కందకుర్తిలో మన రాష్ట్రంలోకి వచ్చి, బాసర దాటి, పోచంపాడు కాడ శ్రీరాంసాగర్‌లో ఆగుతది. 1963లో నెహ్రూ పునాదిరాయి వేసిన ప్రాజెక్టు అది. దానికి దిగువన ఉన్న ధర్మపురిలో ఎన్ని నీళ్లుంటయన్నది చాన వరకు ఆ గేట్ల మీద, కడెం గేట్ల మీద ఆధారపడి ఉంటది. ఎండకాలంలో పోతే ఇసుకలో నడిచి పాయ దాక పోవాలె. వానకాలంలో గేట్లు ఎత్తితే చూస్తుండంగనే మెట్లు మునుగుతయి. 2022 జూలైలో కడెం గేట్ల మీది నుంచే నీళ్లు పొర్లినయి, నీకు యాదికుండొచ్చు. ఇప్పుడైతే నీళ్లు నిలకడగ ఉంటయి, అయినా నీ బిడ్డను మోకాలు లోతుకు మించి దింపకు. ఇసుక తీసిన గుంతలు పైకి కనబడవు. ఘాటు మీద పూలమ్మేటోళ్లను అడుగు, ఎక్కడ దిగాలెనో వాళ్లు చెప్పినంత సరిగ్గ ఇంకెవరూ చెప్పరు.

ఇక్కడ గోదారి దక్షిణం దిక్కు తిరుగుతదని, అందుకే ఈ రేవు పెద్దల కార్యాలకు గొప్పదని పురోహితులు చెప్తరు. మెట్ల మీద మోదుగాకు విస్తర్లు, వాటిలో నువ్వులు కలిపిన అన్నం ముద్దలు, తడి పంచెలతోటి గోత్రం పేరు మర్చిపోయి పక్కోణ్ణి అడిగే కొడుకులు, చూసి బిడ్డ ఏందని అడుగుతది. దాచకుంట చెప్పు. అల్లుణ్ణి తర్పణం విడువుమను, మూడు తరాల పేర్లు కాయితం మీద రాసుకోని పొమ్మను, దక్షిణ ముందే మాట్లాడుకొమ్మను. ఆ తతంగం నడిచేటప్పుడు అత్తమ్మను దూరంగ కారులో కూసోబెట్టకు. కొడుకు పక్కన్నే మెట్టు మీద కూసోనియ్యి. అస్థికలు కలిపిన జాగ అల్లునికి తెలుసు, వేలు పెట్టి చూపెట్టుమను.

ఇంకొకటి. ఆడోళ్లు గోదారికి పసుపు కుంకుమ, పూలు ఇస్తరు. ఆమె చెయ్యి చాపితే, భర్త లేనామె ఇయ్యొచ్చునా అని గొణిగేటోళ్లు ఎవరో ఒకరు ఉంటరు. వాళ్లకు జవాబు చెప్పుకుంట నిలబడకు. నీ చేతిలోని పసుపు పొట్లం విప్పి ఆమె చేతిలో పెట్టు. నది తల్లికి బిడ్డ ఇచ్చుకునేదానికి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు. స్నానం చేసి విడిచిన బట్టలు మాత్రం నీళ్లలో వదలకుండ్రి. అట్ల వదలాలెనని ఎవరన్నా చెప్పినా వినొద్దు, ఒక సంచి తీస్కపోయి తడిబట్టలు ఇంటికి తెచ్చుకోండ్రి.

ఆ తర్వాత గుడి. లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకున్నంక ఆ ఆవరణలోనే యమధర్మరాజు గుడి ఉంటది. పాపులను దండించి దండించి మనసుకు నెమ్మది లేక, యముడు ఈ గోదారిలో మునిగి స్వామిని కొలిచిండని స్థలపురాణం. ధర్మపురికి వచ్చినోళ్లకు యమపురి లేదని మన దిక్కు అందరూ అనేది అందుకే. అక్కడ గండదీపం వెలుగుతుంటది. వచ్చినోళ్లంతా అందులో నూనె పోస్తరు, గండాలు పోతయని నమ్మకం. పోసిన నూనె కింద కూడ పడి బండలు జిడ్డుగ ఉంటయి, అత్తమ్మ రెక్క పట్టుకో. ఆమె ఆ దీపం ముందర ఎంతసేపు నిలబడితే అంతసేపు నిలబడనియ్యి. వెనకోళ్లు తొందరపెడితే వాళ్లకు దారిచ్చి పక్కకు జరుగుండ్రి, బయటికి మాత్రం గుంజుకరాకుండ్రి.

చుట్టుపక్కల గుళ్లన్నీ ఎక్కి దిగాలెనని పట్టుపట్టకు. యోగ నరసింహుణ్ణి, వెంకటేశ్వరస్వామిని చూసి, కోనేరు కాడికి పో. దాన్ని బ్రహ్మ పుష్కరిణి అంటరు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలప్పుడు స్వాములను ఇందులోనే తెప్ప మీద తిప్పి, నడుమ మండపంలో ఊయల ఊపుతరు. ఆ నీడన కూసోని బిడ్డకు శేషప్ప కథ చెప్పు. నరసింహ శతకం రాసిన కవి ఈ ఊరాయనే. శతకంలో ప్రతి పద్యం చివర ధర్మపురి పేరు పెట్టిండు. గోదారి గట్టు మీద ఒక చిన్న ఊరి పేరు ఇన్ని తరాలుగ తెలుగు పిల్లల నోట్లో ఆడుతున్నదంటే, ఆ కవి పుణ్యమే. నేను చిన్నప్పుడు ఆ పద్యాలు బట్టీ పట్టిన, అర్థం ఈ కోనేటి కాడనే తెలిసింది. బిడ్డకు కనీసం ఒక్క పద్యం నేర్పించి తీస్కపో, ఆ ఊరి పేరు వచ్చిన కాడ దాని మొహం చూడు.

భోజనమైనంక ఇంకేం పెట్టుకోకు. టైం ఉంటే రాయపట్నం వంతెన దాక పోయి, బండి పక్కకు ఆపి, నది వెడల్పు చూసి మర్రి రాండ్రి. ఆ ఒడ్డు మంచిర్యాల జిల్లా.

పుష్కరాలకు తీస్కపోదామని అల్లుడు అన్నట్టు రాసినవు. మళ్లీ గోదారి పుష్కరాలు 2027లో. 2015 జూలైలో నేను పోయిన. శని, ఆదివారాలు రోడ్ల మీద బండ్లు గంటలకొద్దీ కదలలేదు, ముసలోళ్లు, పసిపిల్లలు నీళ్లకు అల్లాడిండ్రు. ఆ పన్నెండు రోజుల పుణ్యం గొప్పదే, కాదనను. కానీ ఆమె మోకాళ్లు అప్పటిదాక ఆగుతయని నేను అనుకోను. ముక్కోటి ఏకాదశి నాడు కూడ వద్దు, ఉత్తరద్వారం కాడ ఒత్తిడి తట్టుకోలేదు.

తుర్కపల్లిలో మీ ల్యాబుకు ఆదివారమే సెలవని నాకు తెలుసు, అయినా ఒత్తిడి లేకుంట ఒక బుధవారమో గురువారమో లీవు పెట్టు. తేదీ ఖాయం కాంగనే నాకు చెప్పు, పురోహితునితోటి ముందే మాట్లాడి పెడుత. నన్ను రమ్మనకు. బండిలో వెనక సీటు అత్తమ్మకు, బిడ్డకే వదులుండ్రి, పోను నాలుగు గంటలు రాను నాలుగు గంటలు, ఆమె కాళ్లు చాపుకోవాలె.

మీ పెద్దనాయిన