లారీకి ఎడమ పక్క, డ్రైవరు కంటికి అందని చోటు

రాయ్‌పూర్ ఉత్తర భాగంలో ఉర్లా, సిల్తరా పారిశ్రామిక ప్రాంతాలున్నాయి. స్పాంజ్ ఐరన్ కర్మాగారాలకు ఇనుప ఖనిజం, బొగ్గు తెచ్చే టిప్పర్లు, ఉక్కు ఎక్కించుకుని వెళ్లే ట్రెయిలర్లు ఎడతెగక తిరిగే చోటు అది. ముంబయి, కోల్‌కతా మార్గంలోని 53వ నంబరు జాతీయ రహదారి ఈ నగరం మీదుగానే సాగుతుంది. జగదల్‌పూర్, భద్రాచలం మీదుగా విజయవాడ దగ్గరికి వచ్చే 30వ నంబరు రహదారి కూడా ఇక్కడి నుంచే పోతుంది. షిఫ్టు మారే వేళ ఇవే రోడ్ల మీద సైకిళ్లు, మోపెడ్లు, స్కూటర్లు లారీల పక్కనే నడుస్తుంటాయి. పక్కన స్కూటరు ఉందని తెలియక లారీ ఎడమకు తిరిగితే జరిగే ప్రమాదానికి వేగంతో పనిలేదు. గంటకు పది కిలోమీటర్ల నడకలో కూడా ప్రాణం పోతుంది.

డ్రైవరు అజాగ్రత్తే దీనికంతటికీ కారణమనుకుంటే సగం విషయం వదిలేసినట్టే. మన దేశంలో డ్రైవరు సీటు కుడివైపు ఉంటుంది. అతని కళ్లు నేలకు 2.5 మీటర్ల ఎత్తున ఉన్నాయనుకుందాం. ఎడమ కిటికీ కింది అంచు అతనికి 2 మీటర్ల దూరంలో, 2 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. ఆ అంచును తాకుతూ పోయే చూపు ప్రతి 2 మీటర్లకు అర మీటరు చొప్పున కిందికి దిగుతుంది. స్కూటరు మీద కూర్చున్న మనిషి తల సుమారు 1.5 మీటర్ల ఎత్తున ఉంటుంది. చూపు అంత కిందికి దిగేసరికి తలుపు దాటి మరో 2 మీటర్లు అవతలికి పోయి ఉంటుంది. ఆ లోపల ఉన్న స్కూటరు, దాని మీది మనిషి, హెల్మెట్‌తో సహా కిటికీలోంచి కనబడరు. దీన్నే బ్లైండ్ స్పాట్ అంటారు. క్యాబిన్ ముందు, బండి వెనుక కూడా ఇలాంటి చోట్లున్నా, ఎడమ పక్కదే పెద్దది.

అద్దాలు ఈ లోటును కొంత తీరుస్తాయి. కానీ ఉబ్బెత్తు అద్దంలో ఎక్కువ మేర కనిపించినా వస్తువులు చిన్నవిగా, దూరంగా ఉన్నట్టు తోస్తాయి. పైగా కుడి అద్దంలోకి చూస్తున్న క్షణంలో ఎడమ అద్దం ఉండీ లేనట్టే. ఒకప్పుడు ఈ పని క్లీనరు చేసేవాడు. ఎడమ కిటికీలోంచి తల బయటపెట్టి, తలుపు మీద చరుస్తూ దారి చెప్పేవాడు. అంతకంటే మంచి సెన్సరు ఇంకా రాలేదనే చెప్పాలి. ఇప్పుడు చాలా బండ్లు డ్రైవరు ఒక్కడితోనే నడుస్తున్నాయి.

కనబడకపోవడం ఒక ఎత్తు, వెనుక చక్రాల దారి ఇంకో ఎత్తు. మలుపులో వెనుక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు, వెనుక ఇరుసుల మధ్య 6 మీటర్లున్న లారీ, ముందు ఇరుసు 12 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే, వెనుక ఇరుసు సుమారు 10.4 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంది. అంటే 1.6 మీటర్లు లోపలికి. ఇంజను బండికి 4 మీటర్లు, ట్రెయిలర్‌కు 8 మీటర్లు అనుకుంటే, అదే మలుపులో తేడా 4 మీటర్ల వరకు పెరగగలదు. ముందు భాగం తనను దాటిపోయింది కదా అని ఊపిరి పీల్చుకున్న సైకిలిస్టు మీదికి వెనుక చక్రాలు వచ్చేది ఇందుకే. మనం రోడ్డుకు ఎడమవైపు నడుస్తాం కాబట్టి ఎడమ మలుపే ఇరుకు మలుపు. చూపు ఆనని పక్కా అదే.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారు. చక్రం కింద పడ్డ గాయాల తీరు వేరు. చక్రం మెలితిప్పినప్పుడు చర్మం, దాని కింది కొవ్వు పొర కండరాల నుంచి విడిపోతాయి. ఒక్కోసారి పైన చిన్న గీత మాత్రమే కనబడుతుంది, లోపల ఆ ఖాళీలో రక్తం చేరుతుంది. కటి ఎముకలు విరిగితే లీటర్ల కొద్దీ రక్తం లోపలే కారిపోగలదు. పెద్దవారి ఒంట్లో ఉండేదే సుమారు ఐదు లీటర్లు. టాటీబంద్‌లో ఎయిమ్స్ ఉన్నా, అక్కడికి చేరేదాకా ఆ రక్తం ఆగదు. అందుకే ఇలాంటి వ్యక్తిని కాళ్లు పట్టి లాగకూడదు, లేపి కూర్చోబెట్టకూడదు, బైకు మీద ఎక్కించకూడదు. రక్తం కారే చోట గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, 108కి ఫోన్ చేయాలి. సద్బుద్ధితో సాయం చేసినవారిని కేసుల్లో ఇరికించకుండా మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ కాపాడుతుంది.

ఇక పరికరాల సంగతి. అల్ట్రాసోనిక్ సెన్సరు పంపిన ధ్వని 2 మీటర్ల దూరంలోని స్కూటరును తాకి తిరిగి రావడానికి సుమారు 12 మిల్లీసెకన్లు చాలు. కెమెరా లెన్స్‌పై బొగ్గు ధూళి పేరుకుంటే బొమ్మ మసకబారుతుంది, రాడార్‌కు ధూళి అంతగా అడ్డు కాదు. అసలు చిక్కు వేరే ఉంది. మన రోడ్ల మీద లారీ పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. ప్రతిసారీ కూత పెట్టే పరికరాన్ని డ్రైవరు రెండు రోజుల్లో పట్టించుకోవడం మానేస్తాడు. సైకిళ్లను గుర్తించే వ్యవస్థలపై ఐక్యరాజ్యసమితి రూపొందించిన 151వ నిబంధన ఈ సంగతి గమనించింది. పక్కన సైకిలు ఉంటే సంకేతం రావాలి గాని, రోడ్డు పక్క బోర్డు స్తంభాన్ని చూసి రాకూడదంటుంది. బస్సులు, లారీలకు ఇలాంటి హెచ్చరిక వ్యవస్థలను తప్పనిసరి చేస్తూ మన రోడ్డు రవాణా శాఖ 2025లో ముసాయిదా నిబంధనలు వెలువరించింది.

కొత్త బండ్లకు వచ్చే పరికరాలు పాత లారీల్లో ఉండవు. వాటికి ఎడమ తలుపు పైన కిందికి చూపే ఉబ్బెత్తు అద్దం పెద్ద ఖర్చేమీ కాదు. ముందు, వెనుక చక్రాల మధ్య ఖాళీని మూసే పక్క గార్డు మనిషి చక్రాల కిందికి పోకుండా ఆపుతుంది. స్కూటరు నడిపేవారికి ఒక తేలిక పరీక్ష ఉంది. లారీ అద్దంలో డ్రైవరు ముఖం కనబడిందంటే అతనూ చూడగలిగే చోట ఉన్నట్టు. కనబడకపోతే పక్కకు దూరకుండా లారీ వెనుకే ఆగడం మేలు, అద్దంలో ఆ ముఖం కనిపించేంత దూరంలో.