కాలిమిషను బెల్టు

శాలిబండ, హుస్సేనీ ఆలం ప్రాంతాల ఇండ్లలో కాలిమిషనుపై బట్టలు కుట్టి సంసారభారాన్ని మోసే స్త్రీలు ఎందరో గలరని మన విద్యార్థులకు తెలియనిది కాదు. రంజాను మాసంలో ఆ మిషను ఒక పూట ఆగినచో ఆ పూట కూలి పోయినట్లే. తరచుగా దోషము సూదిది కాదు, స్వల్పమైన వెలగల తోలు బెల్టుది. ఉర్దూలో దీనిని పట్టా అంటారు. (కళాశాల పట్టా వేరు, దాని ప్రయోజనాన్ని గూర్చి మేమిక్కడ చర్చింపబోము.)

ఐజాక్ సింగర్ 1851లో అమెరికాలో పేటెంటు పొందిన నాటికి కుట్టుమిషనుకు విద్యుత్తు లేదు; మానవపాదమే దాని శక్తి. నేటికిని కాలిమిషనులో క్రింది పెద్ద చక్రము ఒకసారి తిరిగితే పైనున్న చిన్న చక్రము సుమారు నాలుగుసార్లు తిరుగుతుంది. ఈ రెండింటినీ కలిపేది బెల్టు. అది లాగేది ఘర్షణ వలన. తోలు సాగి వదులైనప్పుడు ఘర్షణ తగ్గి, పాదము ఆడుచున్నను చిన్న చక్రము నిలిచిపోతుంది. అప్పుడు కొందరు బెల్టుపై నూనె పోస్తారు. ఇంతకంటె విపరీతమైన చికిత్స లేదు. జారుడు మరింత పెరుగుతుంది. విదేశాలలో బట్టలారబెట్టు యంత్రపు డోలును త్రిప్పే రబ్బరు బెల్టుకు కూడ ఇదే సూత్రము.

బెల్టు వదులుగా మాత్రమే ఉన్నచో, కొక్కెము విప్పి కాలంగుళము కోసి తిరిగి కలిపిన చాలును. పగుళ్లు పడినచో మార్చవలసినదే. పాతదానిని తీసి, క్రొత్తదానిని చిన్న చక్రము గాడిలో వేసి, రెండు కొసలను బల్లకున్న రంధ్రాల గుండా క్రిందికి దించి పెద్ద చక్రమునకు చుట్టవలెను. కొసలు కలిసే చోట గుర్తు పెట్టి కోసి, ఆరెతో రంధ్రము చేసి, తీగకొక్కెము దూర్చి, పటకారుతో నొక్కవలెను. కొక్కెపు మొన పైకి లేచియుంటే చక్రము తిరిగినప్పుడెల్లా టక్కుమని తగులును.

ఎంత బిగువు ఉండవలెననునదే అసలు ప్రశ్న. వ్రేలితో నొక్కితే కొంచెము లోపలికి పోవలెను. వీణ తీగవలె బిగించినచో త్రొక్కుడు బరువెక్కి మోకాళ్లు నొచ్చును. ఇరుసులు కూడ అరుగును. పాదము పెట్టక ముందు చక్రమును చేతితో తమవైపునకు త్రిప్పి చూచుకొనవలెను. చంటిపిల్లలను దూరముగా ఉంచవలెను. క్రొత్త తోలు కొద్దిదినాలలోనే సాగుతుంది గనుక అప్పుడు మరికొంత కోయవలసి వచ్చును. అందుచే మొదటిసారి కత్తిని పొదుపుగా వాడుట మంచిది. కోసిన తోలు మరల అతకదు.