షాకిల్ మీద ఉండే 4.75

నిఘంటువులో షాకిల్ అని వెతికితే సంకెల అని వస్తుంది. బురదలో దిగబడిన జీపుని ఇంకో జీపుతో లాగేటప్పుడు వాడే షాకిల్‌కి, ఆ సంకెలకి పెద్దగా పోలిక లేదు. యూ ఆకారంలో వంచిన లావుపాటి ఇనుము, రెండు చివర్లకీ చిల్లులు, వాటిలోంచి అడ్డంగా ఒక పిన్. అంతే. బండికీ పట్టీకీ మధ్య ఉండేది ఇదే. ఇది తెగినా, ఇది తగిలించిన హుక్కు ఊడినా, కిలోకి పైగా బరువున్న ఇనుము పట్టీ లాగుతున్న దిక్కుకే ఎగురుతుంది. అంటే దాదాపుగా అవతలి డ్రైవర్ ముందున్న అద్దం వైపుకి!

మన ఊళ్ళలో దమ్ము చేస్తూ దిగబడ్డ ట్రాక్టర్‌ని గొలుసుతో లాగుతారు కదా, గొలుసు సాగదు. ఆఫ్‌రోడ్ వాళ్ళు వాడే నైలాన్ కైనెటిక్ తాడు 30 శాతం వరకు సాగుతుంది. సాగినంతసేపూ స్ప్రింగ్‌లా ఎనర్జీ దాచుకుంటుంది. అందుకే బండి మెత్తగా బయటికి వస్తుంది, అందుకే ఏదైనా తెగితే అంత ప్రమాదం.

ఇక కొనేటప్పుడు అందరినీ తికమక పెట్టేది అంకెలు. ముప్పావు అంగుళం స్టీల్ షాకిల్ మీద సాధారణంగా 4.75 టన్నులు అని పోతపోసినట్టు ఉంటుంది. అది తెగే బరువు కాదు, రోజూ నిశ్చింతగా మోయగల బరువు. మంచి కంపెనీ షాకిల్ తెగాలంటే దానికి అయిదారు రెట్లు కావాలి. తాడుతో అల్లిన సాఫ్ట్ షాకిల్ ప్యాకెట్ మీద మాత్రం ఎక్కువగా తెగే బరువే వేస్తారు. ఉదాహరణకి 15 టన్నులు అని ఉందనుకోండి. 4.75 కంటే 15 పెద్దది కదా అనుకుంటే, మీటర్లలో ఉన్న వేరియబుల్‌ని అడుగుల్లో ఉన్న దానితో పోల్చినట్టే. అదే అయిదో వంతు లెక్క దీనికీ వేస్తే 3 టన్నులే. మనుషులు, సామానుతో రెండున్నర టన్నులుండే బండికి అది చాలదా అంటే, బురద పట్టు, ఎత్తు, తాడు కుదుపు కలిస్తే బండి బరువుని దాటిపోవడం మామూలే.

షేప్‌లో రెండు రకాలు. డి షాకిల్ ఇరుకుగా ఉంటుంది, తిన్నగా లాగడానికే. బో షాకిల్ గుండ్రంగా వెడల్పుగా ఉంటుంది, రెండు పట్టీలు పక్కపక్కన పడతాయి, కొంచెం వంకరగా లాగినా ఓర్చుకుంటుంది. కొంచెమే! 45 డిగ్రీలు పక్కకి లాగితే దాని సామర్థ్యం 70 శాతానికి, 90 డిగ్రీలైతే సగానికి పడిపోతుంది. అంటే మన 4.75 కాస్తా 2.4 దగ్గర ఆగుతుంది. రెండు హుక్కులకి పట్టీ వేసి వై ఆకారంలో లాగుతున్నప్పుడు కాళ్ళ మధ్య కోణం 120 డిగ్రీలుంటే, బలం సగం సగం పంచుకోదు, ఒక్కో కాలు మీదా మొత్తం బలం పడుతుంది. వెక్టర్లు ఇంటర్‌లో చదివాం, ఒకసారి వేసి చూడండి.

పిన్ విషయంలో పెద్ద గొడవ ఉంది. పూర్తిగా బిగించాక పావు చుట్టు వెనక్కి తిప్పాలని ఆఫ్‌రోడ్ వాళ్ళు చాలామంది చెబుతారు, లేకపోతే పట్టేస్తుందట. పేరున్న తయారీదారులు మాత్రం పూర్తిగా బిగించమంటారు. నా ఓటు వాళ్ళకే. పట్టేసిన పిన్‌ని స్పానర్‌తో ఊడదీయొచ్చు, కదిలే తాడు రాపిడికి దానంతటదే తిరిగి ఊడిన పిన్‌ని ఏం చేస్తాం? అందుకే కదిలే తాడు పిన్ వైపు కాకుండా గుండ్రటి వైపు ఉండాలి.

సాఫ్ట్ షాకిల్ తేలిక, నీళ్ళలో తేలుతుంది, ఎగిరినా ఇనుమంత దెబ్బ కొట్టదు. కానీ దాని పోగు సుమారు 150 డిగ్రీలకే కరుగుతుంది. పదునైన అంచు తగిలితే కోసుకుపోతుంది, ఇసుక లోపలికి దూరితే మెల్లగా అరిగిపోతుంది. కాబట్టి తాడుకీ తాడుకీ మధ్య సాఫ్ట్, బంపర్‌కి ఉన్న మందపాటి ప్లేటు చిల్లులో స్టీల్, ఇలా కలిపి వాడటం నాకు సబబనిపిస్తుంది. ట్రెయిలర్ తగిలించే బంతికి మాత్రం ఏ షాకిలూ, ఏ పట్టీ వేయకూడదు. అది విరిగి మనుషులు చనిపోయిన సంఘటనలున్నాయి.

స్టీల్‌ది ఎక్కడైనా 10 శాతం అరిగినా, వంగినా, వెల్డింగ్ చేసినట్టు కనిపించినా పక్కన పెట్టేయాలి. ఒంటి మీద కంపెనీ పేరు, సైజు, టన్నులు ఏవీ లేని చవక షాకిల్ దొరికితే గుడిలో గంట వేలాడదీయడానికి ఇచ్చేయండి.