సవర భాషాబోధనము – గిడుగువారి మార్గము

వేదాధ్యయనమున శ్రవణోచ్చారణములు ముందు, లిపి పిదప. శిష్యుడు గురుముఖమున విని, పలికి, శబ్దమును స్వాధీన మొనర్చుకొనిన తరువాతనే వ్రాతకు పూనుకొనును. ఇంటిలో వినని భాషతో విద్యారంభము చేయు బాలునకు ఈ క్రమము తలక్రిందగును. ధ్వని, పదము, అర్థము, అక్షరము అను నాలుగింటిని అతడు ఒకేమారు ఎదుర్కొనవలసి వచ్చును. ఉత్తరాంధ్రమునందలి సవర బాలుర స్థితి ఇందుకు నిదర్శనము.

ఐతరేయ బ్రాహ్మణమునందలి శునశ్శేపోపాఖ్యానమున ఆంధ్రులతోపాటు శబరులును పేర్కొనబడిరి. ఈ సాహచర్యము ప్రాచీనమైనను భాషలు సజాతీయములు కావు. తెలుగు ద్రావిడ భాష. సవర ముండా భాష, సంతాలీ, ముండారీలకు జ్ఞాతి. కావున సవర బాలుని పలుకును చెడిన తెలుగుగా భావించుట నిరాధారము.

ఈ సత్యమును గుర్తించి శ్రమించిన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులు (1863–1940). పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి, సవరలతో కలసిమెలసి వారి భాషను నేర్చి, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించుటకు పూనుకొనిరి. వారి సవర వ్యాకరణము 1931లోను, సవర–ఆంగ్ల నిఘంటువు 1938లోను వెలువడినవి. బోధన కొరకు భాషను, భాష కొరకు ప్రజలను ఆశ్రయించుట వారి మార్గము.

ఈ మార్గము యొక్క ఆవశ్యకత గణితపాఠమున స్పష్టమగును. సవర గణనమున 12, 20 అను సంఖ్యలు ఆధారములు. 13 అనగా పండ్రెండును ఒకటియు. 33 అనగా ఇరువదియు, పండ్రెండును, ఒకటియు. ఈ పద్ధతిలో లెక్కించు బాలునకు, పదులు ఒకట్లు అను విభాగమును ఏ పరిచయమును లేక బోధించినచో, అతడు తడబడుట సహజము. దానిని మందబుద్ధిగా ఎంచుట ఉపాధ్యాయుని అజ్ఞానము. బాలుని లెక్కనే ముందు చెప్పించి, అదే రాశిని గింజలతో పదులుగా పేర్పించినచో, రెండు పద్ధతులును అతనికి వశమగును.

వ్యాకరణమునందును ఇట్టిదే. సవరలో కర్మపదము క్రియలో లీనమై ఏకపదమగుట కలదు. సమాసమును ఎరిగిన పండితునకు ఇది వింత కానక్కరలేదు. ఎరుగని ఉపాధ్యాయుడు దీనిని దోషముగా దిద్దును. మరియు కంఠద్వారమును క్షణకాలము నిరోధించుటచే పుట్టు ధ్వని ఒకటి సవరలో కలదు. తెలుగు వర్ణమాలలో దానికి అక్షరము లేదు. తెలుగు లిపిలో సవర పాఠములు వ్రాయువారు దానికొక గుర్తును ఏర్పరుపవలెనే గాని, ధ్వనిని విడువరాదు. ఒడిశాలో మంగెయి గొమాంగో 1936లో సొరాంగ్ సొంపెంగ్ అను ప్రత్యేకలిపినే కల్పించుట ఈ భాషీయుల అభిమానమునకు తార్కాణము.

ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పించవలెనని రాజ్యాంగమున 350-ఎ అధికరణము 1956లో చేర్చబడినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా అను ఎనిమిది భాషలలో బోధన ఆరంభింపబడినది. తెలుగు క్రమముగా ప్రవేశపెట్టవలెనన్నది ఇందలి పద్ధతి.

ఇట్లయినచో తెలుగు వెనుకబడునని కొందరి శంక. అర్థమెరిగి చదువుట ఒక భాషలో అలవడిన బాలునకు రెండవ భాషలో అర్థగ్రహణము సులభమగును. అర్థమెరుగక వల్లించువానికి రెండును దూరములే. అయితే మాతృభాషను తెలుగు చేరుటకు నిచ్చెనగా మాత్రమే వాడి, పైకి చేరిన పిదప త్రోసివేయుట సమాధానము కాదు. పై తరగతులలోను వారి కథలు, పాటలు, సామెతలు పాఠ్యములై నిలువవలెను. వానిని ఎరిగిన పెద్దలు బడికి వచ్చి చెప్పవలెను. ఆ భాష పలుకగల ఉపాధ్యాయులు నియమింపబడవలెను. తల్లి మాటకు బడిలో తావున్నదని తెలిసిన బాలుడు బడిని తనదిగా భావించును. అదియే గిడుగువారి శ్రమకు ఫలము.